ఊపిరి కోసం పుట్టిన మందు, మెదడులో దాని నడక

1884లో వియన్నాలోని ఆసుపత్రిలో పనిచేస్తున్న సిగ్మండ్ ఫ్రాయిడ్ డార్మ్‌స్టాట్ నుంచి మెర్క్ కంపెనీ కొకెయిన్ తెప్పించుకున్నాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై నిండలేదు. మనోవిశ్లేషణ ఇంకా పుట్టలేదు. అదే ఏడాది అచ్చయిన ‘ఊబెర్ కోకా’ అన్న వ్యాసంలో ఈ కొత్త పదార్థాన్ని ఏయే అవస్థల్లో వాడవచ్చో వరసపెట్టి చెప్పాడు. అలసట, అజీర్ణం, మార్ఫిన్ వ్యసనం వంటి వాటితో పాటు ఆ వరసలో ఉబ్బసం కూడా ఉంది. ఆ వ్యాసం గురించి రాసినవాళ్ళు చాలామంది వ్యసనం దగ్గర ఆగిపోతారు. ఉబ్బసం ప్రస్తావన దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. కాని ఉబ్బసపు మందుకూ మెదడుకూ ఉన్న సంబంధం మీద ఇప్పటికీ తెగని వాదాలను అర్థం చేసుకోవడానికి అక్కడినుంచి మొదలుపెట్టడమే మేలు.

1885లో ఫ్రాయిడ్ ఇంకో చిన్న వ్యాసం ప్రకటించాడు. కొకెయిన్ పుచ్చుకున్నాక చేతి పట్టుబలం ఎంత పెరుగుతుంది, ఒక సంకేతానికి స్పందించడానికి ఎంత సమయం పడుతుంది అన్నవి పరికరాలతో కొలిచిన వ్యాసం అది. ప్రయోగం చేసినవాడు, మందు పుచ్చుకున్నవాడు, అంకెలు రాసుకున్నవాడు ముఖ్యంగా ఒకరే. ఈనాటి పత్రిక ఏదీ దాన్ని అచ్చువేయదు. అయినా అందులో ఒక నిజాయితీ ఉంది. పెరిగిన బలం కండరం మీద మందు నేరుగా చేసిన పని కాకపోవచ్చునని, మనిషి మొత్తంగా హుషారుగా ఉండటం వల్ల కలిగిన ఫలితం కావచ్చునని ఫ్రాయిడ్ తానే అన్నాడు. మందు తెలివిని పెంచిందా, లేక తెలివికి అడ్డుపడుతున్న దేన్నో తొలగించిందా? ఆ తరువాత నూట నలభై ఏళ్ళలో వచ్చిన అనేక పరిశోధనలు ఈ పాటి ప్రశ్న కూడా వేసుకోలేదు.

డార్మ్‌స్టాట్ ఈ కథలోకి యాదృచ్ఛికంగా రాలేదు. 1668లో ఫ్రీడ్రిక్ యాకోబ్ మెర్క్ కొన్న మందుల దుకాణమే ఆ కంపెనీకి మూలం. 1827లో హైన్రిక్ ఇమాన్యుయెల్ మెర్క్ మొక్కలనుంచి తీసే ఆల్కలాయిడ్లను పెద్ద ఎత్తున తయారుచేయడం ప్రారంభించాడు. మార్ఫిన్, కొకెయిన్, ఎట్రోపిన్ వంటివి శుద్ధంగా, కొలతకు తగ్గట్టు దొరకడం వల్లనే పందొమ్మిదో శతాబ్దపు ప్రయోగశాలలు నడిచాయి. ఆకు నమిలితే ఎంత మందు ఒంట్లోకి పోయిందో చెప్పలేరు. సీసాలోని తెల్లని స్ఫటికమైతే చెప్పగలరు. మందు మనసుకు ఏం చేస్తుందన్నది కొలిచే ప్రశ్నగా మారింది ఆ సీసాలు వచ్చాకనే.

పేరు విషయంలో ఒక చిక్కు విప్పుకోవాలి. అమెరికాలోని మెర్క్ మొదట ఈ డార్మ్‌స్టాట్ కుటుంబపు శాఖే. మొదటి ప్రపంచయుద్ధకాలంలో శత్రుదేశపు ఆస్తి కింద అది చేతులు మారి వేరే సంస్థ అయింది. ఉత్తర అమెరికా వెలుపల అది ఎమ్‌ఎస్‌డి అన్న పేరుతో వ్యవహరిస్తుంది. ఈ వ్యాసంలో చివర వచ్చే మాంటెలుకాస్ట్ ఆ అమెరికన్ మెర్క్ మందు, డార్మ్‌స్టాట్‌ది కాదు. ఇంటర్నెట్‌లో ఈ రెంటినీ కలిపేసి ఒకరి పాపం ఇంకొకరికి అంటగట్టడం మామూలే.

డార్మ్‌స్టాట్‌కు నిజంగా సంబంధమున్న ఉబ్బసపు మందు ఎఫిడ్రిన్. బెర్లిన్‌లో హోఫ్‌మాన్ దగ్గర చదువుకుని జపాన్ తిరిగివెళ్ళిన నాగాయ్ నాగయోషి 1885లో మా హువాంగ్ అనే చీనా మూలికనుంచి దీన్ని వేరుచేశాడు. ఆ దశాబ్దం చివరికి మెర్క్ కూడా ఎఫిడ్రా జాతి మొక్కలనుంచి ఆల్కలాయిడ్లు తీస్తోంది. 1889లో లాడెన్‌బర్గ్, ఓల్‌ష్లేగెల్ పరిశీలించిన సూడోఎఫిడ్రిన్ మెర్క్ ఇచ్చినదే. అయితే ఐరోపా వైద్యులు దాన్ని దేనికి వాడారు? కంటిపాపను పెద్దది చేయడానికి. 1887లో మియురా అనే జపాన్ వైద్యుడు ఆ గుణాన్ని వర్ణించాడు, అందరూ ఆ గుణాన్నే పట్టుకున్నారు. చీనా వైద్యంలో ఆ మూలికను దగ్గుకు, ఆయాసానికి వేల ఏళ్ళుగా వాడుతున్న సంగతి పుస్తకాల్లో ఉంది. కాని 1924లో పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీలో చెన్, ష్మిట్ తమ పరిశోధన ప్రకటించేదాకా, దాదాపు నలభై ఏళ్ళు, పాశ్చాత్య వైద్యానికి అది కంటిమందే. పదార్థం మారలేదు. చూసేవాళ్ళు ఎక్కడ చూడదలచుకున్నారో అక్కడే దాని గుణం కనబడింది.

దీనికి మద్రాసులో ఒక పూర్వగాథ ఉంది. మద్రాసులో ఫిజీషియన్ జనరల్‌గా ఉన్న జేమ్స్ ఆండర్సన్ ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చమని చెప్పేవాడని, జనరల్ జెంట్ అనే సైనికాధికారి 1802లో ఆ పద్ధతిని బ్రిటన్‌కు చేర్చాడని వైద్యచరిత్రకారులు రాశారు. ఆ తరువాత ఐరోపాలో ఉమ్మెత్త జాతి ఆకు నింపిన ‘ఆస్తమా సిగరెట్లు’ నూరేళ్ళకు పైగా అమ్ముడుపోయాయి. ఉమ్మెత్తలో ఉండే ఎట్రోపిన్, స్కోపొలమిన్ శ్వాసనాళాలను సడలిస్తాయి. మోతాదు మించితే మతి చలింపజేస్తాయి. ఉమ్మెత్త తింటే పిచ్చెక్కుతుందని తెలుగు పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆకు ఒకటే, అది ఊపిరి మందూ మతి చెడగొట్టే విషమూ కూడానన్న జ్ఞానం పల్లెలో విడిపోలేదు. సిగరెట్ పెట్టె మీదికి వచ్చేసరికి మొదటి సగం ముందుకొచ్చి, రెండో సగం వెనక్కు పోయింది.

చెన్, ష్మిట్‌ల పరిశోధన ఎందుకంత సంచలనం కలిగించిందంటే, అప్పటిదాకా ఉబ్బసపు దాడిని ఆపగల మందు అడ్రినలిన్. దాన్ని సూదితోనే ఇవ్వాలి, మింగితే కడుపులోనే నాశనమైపోతుంది, ఇచ్చినా కాసేపే పనిచేస్తుంది. ఎఫిడ్రిన్ అడ్రినలిన్‌కు దగ్గరి చుట్టం, కాని మాత్రగా మింగవచ్చు, గంటలపాటు పనిచేస్తుంది. కారణం రసాయన నిర్మాణంలో ఉంది. అడ్రినలిన్ వలయం మీద ఉండే రెండు హైడ్రాక్సిల్ గుంపులు ఎఫిడ్రిన్‌లో లేవు. పక్కగొలుసులో ఒక మిథైల్ గుంపు అదనంగా ఉంది. అందువల్ల అడ్రినలిన్‌ను విరగ్గొట్టే ఎంజైములు దీన్ని అంత తేలిగ్గా విరగ్గొట్టలేవు. నీటికన్నా కొవ్వుతో చెలిమి దీనికి కాస్త ఎక్కువ. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ కొవ్వుతో చెలిమి ఉన్న అణువులకు దారి ఇస్తుంది. అడ్రినలిన్‌కు దాదాపు మూసుకుపోయిన తలుపు ఎఫిడ్రిన్‌కు తెరుచుకుంది.

వాదమంతా నిలిచేది ఈ వివరం మీదనే. ఎఫిడ్రిన్‌ను మాత్రగా మింగడానికి వీలు కల్పించిన మార్పే దాన్ని మెదడుకు కూడా చేర్చింది. రోగికి కలిగిన సౌకర్యం, రోగికి పట్టని నిద్ర – ఈ రెండూ ఒకే రసాయన మార్పునుంచి వచ్చాయి. ఒకదాన్ని ‘పని’ అని, రెండోదాన్ని ‘పక్కపని’ అని పేర్లు పెట్టింది అణువు కాదు. జర్మన్ భాషలో దీన్ని నేబెన్‌విర్కుంగ్ అంటారు, పక్కన జరిగే పని అని. మంచిదా చెడ్డదా అన్న తీర్పు ఆ మాటలో లేదు. తెలుగు పత్రికల్లో స్థిరపడిన ‘దుష్ఫలితం’, ‘దుష్ప్రభావం’ అన్న మాటలు ముందే తీర్పు చెప్పేస్తాయి. తీర్పు ముందే చెప్పినప్పుడు రెండు పొరపాట్లకు అవకాశం ఉంటుంది. మెదడులో జరిగే ప్రతి మార్పూ కీడేనన్న భయం ఒకటి; ఏ మార్పైనా హాయిగా అనిపిస్తే అది దుష్ఫలితం కాదు గనుక లెక్కలోకి రాదన్న ధీమా రెండోది.

1920ల రెండో సగంలో మెర్క్ ఎఫిడ్రిన్‌ను మొక్కతో పనిలేకుండా సంశ్లేషించి ఎఫెటోనిన్ పేరుతో అమ్మింది. కలకత్తాలో రామ్‌నాథ్ చోప్రా బృందం భారతీయ ఎఫిడ్రా జాతుల్లో ఈ ఆల్కలాయిడ్ ఎంత ఉందో లెక్కగడుతున్నదీ దాదాపు ఆ కాలంలోనే. 1928లో డార్మ్‌స్టాట్ నుంచి ఇంకో మందు వచ్చింది: స్కోపొలమిన్, యూకోడాల్, ఎఫెటోనిన్ కలిపిన ఇంజెక్షన్. శస్త్రచికిత్సకు ముందు రోగిని మత్తులో ముంచడానికి మొదటి రెండూ, ఆ మత్తులో ఊపిరి, రక్తపోటు మరీ పడిపోకుండా మూడోదీ. మెదడును జోకొట్టే మందులకు ఎదురుబరువుగా ఉబ్బసపు మందును వాడారంటే, దాని శక్తి ఊపిరితిత్తులకే పరిమితం కాదన్న సంగతి తయారుచేసినవారికి బాగా తెలుసు.

అమెరికాలో ఇది తలకిందులైంది. అక్కడ టెడ్రాల్ అన్న మాత్ర దశాబ్దాలపాటు నడిచింది. అందులో థియోఫిలిన్, ఎఫిడ్రిన్‌లతో పాటు నిద్రపుచ్చే ఫీనోబార్బిటాల్ కూడా ఉండేది. ఊపిరికి రెండు మందులు, ఆ రెండూ రేపే కలవరాన్ని అణచడానికి ఒకటి. పిల్లలకు కూడా ఇటువంటివి ఇచ్చేవారు. ఆ పిల్లవాడి బడి చదువు ఎలా ఉందని ఆ రోజుల్లో ఎవరైనా కొలిచినా, కొలిచింది దేన్నో చెప్పలేరు: జబ్బునా, రేపే మందునా, జోకొట్టే మందునా?

లాస్ ఏంజలిస్‌లో గోర్డన్ ఆలెస్ ఎఫిడ్రిన్‌కు చవకైన ప్రత్యామ్నాయం వెతుకుతూ 1929లో యాంఫెటమిన్‌ను తన ఒంటిమీదే పరీక్షించుకున్నాడు. ముక్కు తేలికపడింది. మనసు హాయిగా ఉండి, రాత్రి నిద్ర పట్టక, ఆలోచన ఒకదానినుంచి ఒకదానికి పరుగెత్తింది. ఉబ్బసం రోగికి ఇచ్చి చూస్తే పెద్ద గుణం కనబడలేదు. ఉబ్బసపు మందుగా అది ఓడిపోయింది, మెదడు మందుగా గెలిచింది. 1937లో చార్ల్స్ బ్రాడ్లీ రోడ్ ఐలండ్‌లోని పిల్లల ఆసుపత్రిలో 30 మందికి వారంపాటు బెంజెడ్రిన్ ఇచ్చి, వారిలో చాలామంది బడి పనిలో చూపిన మార్పు వర్ణించాడు. ఈనాడు ఏకాగ్రత లోపానికి పిల్లలకు ఇచ్చే మందుల వంశావళి ఇక్కడికే వస్తుంది. ఈ చరిత్రను నికొలాస్ రాస్ముసెన్ 2008 నాటి ‘ఆన్ స్పీడ్’ పుస్తకంలో చక్కగా తవ్విపోశాడు. అయితే యాంఫెటమిన్ కథ చెప్పేవాళ్ళకు సాధారణంగా కథ వెలుగులోకి వచ్చేకొద్దీ ఉబ్బసం రోగి నీడలోకి జరిగిపోతాడు. ఎఫిడ్రిన్ మాత్ర మింగి ఊపిరి తీసుకుంటూ రాత్రంతా కళ్ళు తెరుచుకుని పడుకున్న వ్యక్తి అనుభవం కూడా మెదడు మీద జరిగిన ప్రయోగమే. దాన్ని మాత్రం ఎవరూ రాసుకోలేదు.

థియోఫిలిన్ సంగతికి వస్తే లెక్క కొంత మెరుగు. 1888లో ఆల్బ్రెక్ట్ కోసెల్ తేయాకునుంచి వేరుచేసిన ఈ పదార్థం కఫీన్‌కు తోబుట్టువు. నిద్రమత్తును కలిగించే ఎడినొసిన్ కూర్చోవలసిన గ్రాహకాలలో తాను కూర్చుంటుంది. మోతాదు మించితే మూర్ఛలు వస్తాయి. తెలుగు ఇళ్ళల్లో ఒక తరం ఆయాసాన్ని ‘డెరిఫిలిన్’ అన్న పేరుతో కలిపి గుర్తుంచుకుంది. అదీ ఈ కుటుంబానిదే. 1980లలో ఈ మందు వాడే పిల్లలు బడిలో వెనకబడుతున్నారన్న ఆందోళన అమెరికాలో బలంగా లేచింది. 1986లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చిన ఒక చిన్న అధ్యయనం ఆ ఆందోళనకు ఊతమిచ్చింది. 1992లో లిండ్‌గ్రెన్, ఆయన సహచరులు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో దాన్ని ఖండించారు. వాళ్ళు చేసిన తెలివైన పని ఒకటే: ఉబ్బసం ఉన్న పిల్లల మార్కులను వాళ్ళ సొంత అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ మార్కులతో పోల్చారు. ఇల్లు ఒకటి, తల్లిదండ్రులు ఒకటి, తిండి ఒకటి. అలా పోల్చేసరికి తేడా మాయమైంది. ఉబ్బసమూ చదువును దెబ్బతీయలేదు, థియోఫిలిన్ కూడా తీయలేదు.

కాని ఈ ఫలితాన్ని కూడా దాని హద్దుల్లోనే చదవాలి. ఏడాది చివరి మార్కులు చదువు సంగతి చెబుతాయి. రాత్రి నిద్ర, పగటి చిరాకు, చేతి వణుకు గురించి చెప్పవు. పైగా అది మంచి వైద్యం అందుతున్న పిల్లల లెక్క. పిల్లికూతలతో అర్ధరాత్రి లేచి కూర్చునే పిల్లవాడికి మర్నాడు లెక్కల పాఠం తలకెక్కదు. అటువంటి పిల్లవాడికి ఏ మంచి ఉబ్బసపు మందు ఇచ్చినా నిద్ర వస్తుంది, నిద్ర వస్తే పాఠం ఎక్కుతుంది. ఆ మందు మెదడును తాకకపోయినా సరే, పరీక్షలో ‘గ్రహణశక్తిని పెంచింది’ అనే కనబడుతుంది. ఫ్రాయిడ్ 1885లో తన గురించి తాను వేసుకున్న సందేహమే ఇది. ఉబ్బసపు మందు తెలివిని పెంచుతుందనే ఏ పరిశోధనకైనా మొదట ఎదురు నిలపవలసిన ప్రశ్న: ఉబ్బసం లేనివాళ్ళలో ఏమైంది?

మాంటెలుకాస్ట్ దగ్గర ఈ ప్రశ్నలన్నీ కలిసి వచ్చాయి. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు లుకోట్రైన్ల గ్రాహకాన్ని అడ్డుకుని శ్వాసనాళాల వాపును తగ్గిస్తుంది. స్టెరాయిడ్ కాదు, పీల్చనక్కరలేదు, రోజుకొక మాత్ర. పిల్లలకు నమిలే మాత్రగా కూడా దొరుకుతుంది. ఎలుకల్లో ఇది మెదడు అడ్డుగోడను చాలా కొద్దిగానే దాటిందని మందుతో పాటు వచ్చే అధికారిక సమాచారంలో రాశారు. ఆ వాక్యం చదివిన వైద్యుడికి పిల్లవాడి పీడకలలను మాత్రతో ముడిపెట్టాలన్న ఆలోచన రాదు.

2015లో సాల్జ్‌బర్గ్ నుంచి మార్షలింగర్, ఐగ్నర్ తదితరులు ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో ఒక పత్రం ప్రకటించారు. ముసలి ఎలుకలకు నోటి ద్వారా మాంటెలుకాస్ట్ ఇస్తే మెదడులో వాపు తగ్గిందని, హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలు పెరిగాయని, నేర్చుకోవడం, జ్ఞాపకం మెరుగుపడ్డాయని దాని సారాంశం. మెదడుకు నవయౌవనం అన్న ధ్వని ఆ పత్రం శీర్షికలోనే ఉంది. ప్రయోగం పద్ధతిగా జరిగినదే, ఊహ ఆసక్తికరమైనదే. విమర్శించవలసింది ఆ శీర్షికను, అది పత్రికల్లో ప్రయాణించిన తీరును. ముసలి ఎలుకలో వాపు తగ్గితే కలిగే మేలు ఆరేళ్ళ పిల్ల మెదడుకు వర్తించదు. వాపు లేని మెదడులో, ఇంకా అల్లుకుంటున్న నాడీవలయాల్లో అదే మందు ఏం చేస్తుందన్నది ఆ పత్రం అడగని ప్రశ్న. ఒక సంగతి మాత్రం అది తేల్చింది. నోటి ద్వారా ఇచ్చిన ఈ మందు ఫలితం మెదడులో కనబడుతుందని.

2020 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డిఎ మాంటెలుకాస్ట్‌కు తన అత్యున్నత స్థాయి హెచ్చరికను తగిలించింది. కలవరం, నిద్రలేమి, పీడకలలు, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు అందులో ఉన్నాయి. జలుబు వంటి అలర్జీలకు ఇతర మందులు పనిచేయనప్పుడే దీన్ని వాడమని కూడా చెప్పింది. అనుమతికీ ఈ హెచ్చరికకూ మధ్య 22 ఏళ్ళు. మధ్యలో 2009లో మామూలు జాగ్రత్తల కింద మానసిక లక్షణాలు చేర్చారు, కాని పెట్టెలో గీసిన గీతలు చాలామంది కంటపడలేదు.

తమాషా ఏమిటంటే, ఎఫ్‌డిఎ తన బీమా సమాచార వ్యవస్థతో చేయించిన పెద్ద అధ్యయనంలో ప్రమాదం పెరిగినట్టు తేలలేదు. మాంటెలుకాస్ట్ వాడేవాళ్ళను పీల్చే స్టెరాయిడ్ వాడేవాళ్ళతో పోల్చి చూస్తే, కుంగుబాటుతో ఆసుపత్రిలో చేరడం, తమకు తాము హాని చేసుకోవడం ఎక్కువ కాలేదు. దీన్ని చూపి మందు నిర్దోషి అనేవారు ఉన్నారు. కాని ఆసుపత్రి బిల్లులో పీడకల కనబడదు. రాత్రి మూడింటికి ఏడుస్తూ లేచిన పిల్ల, కారణం లేకుండా తమ్ముణ్ణి కొట్టిన పిల్లవాడు ఆ లెక్కలోకి రారు. ఆ పరిమితిని ఎఫ్‌డిఎ కూడా ఒప్పుకుంది. ఎదటిపక్షానికీ ఇదే ప్రశ్న వేయాలి. హెచ్చరికకు ఆధారమైన ఫిర్యాదులు వేలల్లో ఉన్నా, కోట్లమంది వాడిన మందులో అవి ఎంతమందికి ఒకరన్నది వాటినుంచి తేలదు. ఉబ్బసం తీవ్రంగా ఉన్నవాళ్ళలో ఆందోళన, కుంగుబాటు ముందే ఎక్కువ. 2024 నవంబరులో ఎఫ్‌డిఎ పరిశోధకులు, ప్రయోగశాలలో ఈ మందు మెదడులో ఉండే అనేక గ్రాహకాలకు గట్టిగా అంటుకుంటోందని ఒక శాస్త్రసమావేశంలో చెప్పారు. అంటుకోవడం వేరు, దానివల్ల మనసు చెదరడం వేరు. అయినా ‘చాలా కొద్దిగానే దాటింది’ అన్న పాత వాక్యం మీద నిశ్చింతగా కూర్చునే రోజులు పోయాయి.

ఈ మందు తెలుగువారికి దూరపు సంగతి కాదు. 2012 ఆగస్టులో అమెరికాలో పేటెంటు ముగిసిన నాడు జెనెరిక్ అనుమతి పొందిన కంపెనీల్లో హైదరాబాదు కేంద్రంగా ఉన్న అరబిందో ఫార్మా ఒకటి. భారతదేశంలో మాంటెలుకాస్ట్‌ను లెవోసెటిరిజిన్‌తో కలిపిన మాత్రగా ఎక్కువగా వాడతారు. తుమ్ములు, ముక్కు కారడం, పది రోజులైనా తగ్గని దగ్గు – చీటీ మీద మొదట కనబడే పేర్లలో అది ఒకటి. ఎఫ్‌డిఎ చివరి వరసలో నిలపమన్నది ఇక్కడ మొదటి వరసలో ఉంది. తెలుగునాట ఉబ్బసం మందు అనగానే గుర్తుకొచ్చేది మృగశిర కార్తె నాటి చేపమందు. దాని మీద ఏటా వాదం జరుగుతుంది. ఇంటింటి అరలో ఉన్న ఈ మాత్ర మీద వాదం జరగదు. చేపమందులో ఏముందో చెప్పరు గనుక విచారించే వీలు లేదు. ఈ మాత్రలో ఏముందో రాసే ఉంటుంది, విచారించేవారు లేరు.

భయపడి మానేయమని దీని అర్థం కాదు. అదుపు తప్పిన ఉబ్బసం ప్రాణం తీస్తుంది, మాంటెలుకాస్ట్‌తో నెమ్మదించిన పిల్లలు ఎందరో ఉన్నారు. మానడమైనా మార్చడమైనా వైద్యుడితో మాట్లాడి చేయవలసినదే. కాని మాట్లాడాలంటే ముందు చూసి ఉండాలి. మాత్ర మొదలుపెట్టిన వారంలో నిద్ర ఎలా మారింది, ఆపాక ఎలా మారింది అన్నది ఏ బీమా సంస్థ లెక్కలోనూ దొరకదు, ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. ఆలెస్ తన రాత్రిని తానే రాసుకున్నాడు. ఆరేళ్ళ పిల్ల రాసుకోలేదు.

డార్మ్‌స్టాట్‌లోని మందుల దుకాణంలో ఈ మాత్ర కొంటే పెట్టెలో మడతలు పెట్టిన పొడవాటి కాగితం ఉంటుంది. పీడకలలు ఎంతమందిలో ఒకరికి రావచ్చో, నిద్రలో నడక ఎంతమందిలో ఒకరికో అందులో వర్గాలుగా రాసి ఉంటుంది. సెలవులకు వెళ్ళి వచ్చినవాళ్ళ సూట్‌కేసులో అదే మందు ఇంకో రూపంలో వస్తుంది. ఊళ్ళో షాపువాడు పది మాత్రల అట్టనుంచి కత్తెరతో ఆరు కత్తిరించి ఇస్తాడు. గడువు తేదీ, మందు పేరులో సగం మిగిలిన నాలుగు మాత్రల ముక్కతో వేరెవరింటికో పోయి ఉంటాయి.